ఉద్యోగం, ఇల్లు, బీజేజే: వారానికి ఎన్ని రోజులైతే నిలబడగలం? (విజయవాడ, గుంటూరు వాళ్ళు చెప్పండి)

పటమట_వైట్‌బెల్ట్ | జూన్ 3, రాత్రి 11:10

అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్ళు. ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పని చేస్తాను. మా ఆవిడ స్కూల్ టీచర్, పాప ఒకటో తరగతి. 14 నెలల క్రితం బ్రెజీలియన్ జియు-జిట్సు (బీజేజే) మొదలుపెట్టాను, ఎదుటివాళ్ళని కింద పడేసి పట్లతో లొంగదీసే కుస్తీలాంటి ఆట. వైట్ బెల్ట్ (మొదటి మెట్టు) మీద రెండు స్ట్రైపులున్నాయి.

మొదట్లో వారానికి నాలుగు రోజులు వెళ్ళేవాడిని. ఆరు నెలల్లో 84 కిలోల నుంచి 77కి దిగాను. పడుకోగానే నిద్ర పట్టేది. బ్యాంకులో ఎవరు ఎంత అరిచినా మనసుకు తగిలేది కాదు. తర్వాత బ్రాంచి మారింది. మార్చి క్లోజింగ్ దగ్గర్నుంచి రాత్రి ఎనిమిదైనా బయటపడలేకపోతున్నాను. క్లాసేమో ఏడున్నరకి. నాలుగు రోజులు కాస్తా రెండయ్యాయి, ఒక్కో వారం అదీ లేదు. వారమంతా పోయిందే అన్న బాధతో, వెళ్ళిన ఒక్కరోజే ఆరేడు రౌండ్లు ఆపకుండా రోల్ చేస్తాను (అంటే ఎదుటివాళ్ళతో నిజంగా తలపడటం). ఏప్రిల్‌లో అలా చేస్తుంటేనే కుడి పక్కటెముక దగ్గర కలుక్కుమంది. ఐదు వారాల పాటు తుమ్ము వస్తుందంటే భయమేసేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాపకి 103 జ్వరం వచ్చిన రాత్రి నేను మ్యాట్ మీద ఉన్నాను, ఫోన్ బ్యాగులో ఉంది. బయటికొచ్చి చూస్తే 11 మిస్డ్ కాల్స్. మా ఆవిడే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మానేయాలని లేదు. కానీ ఇలా సాగదు. ఇల్లూ ఉద్యోగమూ ఉండి ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు? వారానికి రెండు రోజులతో ఏమైనా వస్తుందా? జిమ్ కూడా కావాలా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

---

ఆటోనగర్_అన్న | జూన్ 4, ఉదయం 6:20

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు 45. స్పేర్ పార్టుల షాపు, ఇద్దరు మగపిల్లలు. బ్లూ బెల్ట్ (వైట్ తర్వాతది). 2017 నుంచి చేస్తున్నాను.

నిన్ను దెబ్బ కొడుతున్నది "వీలైనప్పుడు వెళ్దాంలే" అన్న మాట. వీలు అనేది దానంతటది రాదు. నాకు మంగళవారం, శనివారం. ఎనిమిదేళ్ళుగా అవే రెండు రోజులు. ఆ రెండు సాయంత్రాలు షట్టర్ ఎవరు దించాలో, సరుకు లారీ వస్తే ఎవరు దించుకోవాలో షాపులో ముందే చెప్పి పెట్టాను. ఇంట్లోనూ అంతే. ఆ రెండు రోజులు తొమ్మిదిన్నర దాకా నేను ఉండనని అందరికీ తెలుసు. మిగతా ఐదు రోజులు ఎవరు ఓపెన్ మ్యాట్‌కి (పాఠం లేకుండా అందరూ కలిసి రోల్ చేసుకోవడానికి) పిలిచినా వెళ్ళను. నేను మాట మీద ఉంటాననే నమ్మకం వాళ్ళకి కుదిరింది కాబట్టి ఆ రెండు రోజుల జోలికి ఎవరూ రారు.

పోయిన క్లాసు పోయిందే, దాన్ని తిరిగి రాబట్టుకోవాలని చూడకు. బ్యాంకులో ఉన్నావు కాబట్టి నీకు తెలుస్తుంది, పాత బాకీ మొత్తం ఒకేరోజు కట్టబోతే ఒళ్ళే వడ్డీ కట్టాల్సి వస్తుంది.

లెక్క కూడా చూసుకో. ఏడాదికి 52 వారాలు. పెళ్ళిళ్ళు, జ్వరాలు, దసరా నవరాత్రుల్లో ట్రాఫిక్ మళ్ళింపులు, అన్నీ తీసేసినా రెండు రోజుల చొప్పున 80 క్లాసులు నికరంగా దక్కుతాయి. నువ్వు నాలుగు రోజుల లెక్కన ఆరు నెలలు చేసింది సుమారు 100. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఎన్ని చేశావో నువ్వే లెక్కపెట్టు.

---

బీటెక్_ఫైనల్ | జూన్ 4, మధ్యాహ్నం 1:35

అన్నా, మీ మాట కాదనట్లేదు కానీ రెండు రోజులతో ఉన్నది మర్చిపోకుండా ఉంటామంతే, పైకి పోలేం. నాకు 21. వారానికి ఐదు రోజులు మ్యాట్, నాలుగు రోజులు జిమ్. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక ఓపెన్ మ్యాట్‌కి వెళ్ళాను. అక్కడ నాతో సమానంగా మొదలుపెట్టినవాళ్ళు రోజుకి రెండు పూటలు చేస్తున్నారు. వాళ్ళ గార్డ్ (కింద ఉండి కాళ్ళతో అడ్డుకునే పద్ధతి) దాటడం నా వల్ల కాలేదు. ఈ ఆటని తీర్చిదిద్దిన గ్రేసీ కుటుంబం వాళ్ళు కూడా రోజంతా అదే పనిగా చేసే కదా అంతవాళ్ళయ్యారు!

---

ఆటోనగర్_అన్న | జూన్ 4, రాత్రి 10:05

బాబూ, నీ వయసుకి నువ్వు చేస్తున్నది సరైన పనే. 21 ఏళ్ళప్పుడు కాక ఇంకెప్పుడు చేస్తావు? పోటీలకి వెళ్ళు, గెలువు, మేమంతా వచ్చి చప్పట్లు కొడతాం. కానీ ఇక్కడ అడిగినవాడికి పొద్దున తొమ్మిదింటికి కౌంటర్ దగ్గర కూర్చోవాల్సిన ఉద్యోగం ఉంది.

గ్రేసీల ఊసెత్తావు కాబట్టి ఒకటి చెప్తాను. జపాన్‌లో జిగొరో కానో 1882లో కొడోకాన్ అనే జూడో బడి పెట్టాడు. ఆ బడిలో నేర్చుకున్న మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. అతని దగ్గర విద్య కార్లోస్ గ్రేసీకి, అక్కడి నుంచి తమ్ముడు హెలియోకి వచ్చింది. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో హెలియోకీ జపాన్ జూడో వీరుడు కిమురాకీ పోటీ జరిగింది. కిమురా చెయ్యి మెలిపెట్టి లాక్ వేస్తే హెలియో ట్యాప్ చెయ్యలేదు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోలేదు. ఎముక విరిగినా చెయ్యలేదు. ఆయన తరఫువాళ్ళు తువ్వాలు విసిరితే పోటీ ఆగింది. మనం ఇవాళ కిమురా అంటున్న పట్టు అదే.

ఆయన హెలియో గ్రేసీ, అది ఆయన బతుకు. మనకి మర్నాడు బండి హ్యాండిల్ పట్టుకోవాలి, పిల్లని ఎత్తుకోవాలి. చెయ్యి సాగుతోందని తెలిసిన క్షణమే ట్యాప్ కొట్టు. నొప్పి పుట్టేదాకా ఆగావంటే అప్పటికే ఆలస్యం. నేను ఎనిమిదేళ్ళు నిలబడ్డానంటే ఒక కారణం రెండు రోజులు, రెండో కారణం ఇదే.

బెల్టుల సంగతికొస్తే, అంతర్జాతీయ ఫెడరేషన్ నిబంధనల ప్రకారం బ్లూ నుంచి పర్పుల్‌కి మామూలుగా కనీసం రెండేళ్ళు ఆగాలి. అది కనీసం మాత్రమే. నేను బ్లూలో నాలుగేళ్ళ నుంచి ఉన్నాను, ఏ తొందరా లేదు.

---

అరండల్‌పేట_ఫిజియో | జూన్ 5, రాత్రి 9:15

పటమట గారూ, నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుని. మూడేళ్ళుగా నేనూ మ్యాట్ మీదకి వెళ్తున్నాను. ముందు మీ పక్కటెముక సంగతి.

పక్కటెముకల మధ్య కండరం లాగినా, మృదులాస్థి దగ్గర దెబ్బ తగిలినా మానడానికి వారాలు పడుతుంది. ఊపిరి తీసుకుంటున్నంతసేపూ అవి కదులుతూనే ఉంటాయి కాబట్టి వాటికి పూర్తి విశ్రాంతి దొరకదు. చాలామంది ఛాతీకి గట్టిగా గుడ్డ చుట్టేస్తారు, అది వద్దు. ఊపిరి పైపైనే తీసుకోవడం అలవాటై ఛాతీలో కఫం పట్టే ప్రమాదముంది. ఆయాసం వచ్చినా, దగ్గితే రక్తం పడినా, నొప్పి రోజురోజుకీ ముదురుతున్నా వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. ఇప్పుడు మీకు తగ్గింది కాబట్టి మొదటి రెండు మూడు వారాలు డ్రిల్లింగ్‌తో (తలపడకుండా పట్లు మాత్రమే సాధన చేయడం) సరిపెట్టండి. కింద పడుకుని సైడ్ కంట్రోల్‌లో (పక్క నుంచి ఛాతీ మీద అదిమే పట్టు) ఎదుటివాళ్ళ బరువు మోయకండి. "నా పక్కటెముక బాగాలేదు, పైన నేనుంటాను" అని పార్ట్‌నర్‌కి ముందే చెప్పండి. చెప్పడానికి మొహమాటపడి మళ్ళీ నా దగ్గరికే వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

జిమ్ అడిగారు. మీకు రోజూ జిమ్ అవసరం లేదు. వారానికి రెండుసార్లు, 35-40 నిమిషాలు చాలు. కాళ్ళకి స్క్వాట్, నడుము వెనక భాగానికి డెడ్‌లిఫ్ట్, వీపుకి రోయింగ్, భుజాలకి ఓవర్‌హెడ్ ప్రెస్. ఇంకా రెండు రెప్‌లు తీయగలను అనిపించినప్పుడే ఆపేయండి. రోలింగ్ ముందు రోజు కాళ్ళు వణికేంత బరువులు ఎత్తకండి. మెడని మాత్రం అశ్రద్ధ చేయొద్దు. అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో దాన్ని నెట్టడం, అలాగే పక్కలకి, వెనక్కి. రోజూ మూడు నిమిషాలు. కంప్యూటర్ ముందు కూర్చునే మెడ మీది, దాన్నే వారానికి రెండుసార్లు ఎవరో పట్టుకుని వంచుతుంటారు.

తిండి గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. బరువులెత్తుతూ రోల్ చేసేవాళ్ళకి 1.6 దాకా ఉంటే మంచిది. మీ 77 కిలోలకి దాదాపు 120 గ్రాములు. మన ఇళ్ళలో పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం గుట్టంత అన్నం, గరిటెడు పప్పు. దాంతో సగం కూడా రాదు. మూడు గుడ్లతో 18 గ్రాములు వస్తుంది. 50 గ్రాముల మీల్‌మేకర్‌తో 26. ఇడ్లీ బదులు పెసరట్టు, అన్నం కాస్త తగ్గించి పప్పు గట్టిగా, రాత్రికి చికెనో పనీరో. డబ్బాల పౌడర్ కొనేముందు ఇవి చూసుకోండి.

---

గుంటూరు_మిర్చి | జూన్ 6, ఉదయం 5:50

అన్నలందరికీ నమస్కారం. మాది మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. ఫిబ్రవరి నుంచి మే దాకా నాకు మ్యాట్ అనేదే ఉండదు. తెల్లారకముందే యార్డులో ఉండాలి. ఒక్కోరోజు టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి, కాటా వేయించి, రైతులకి పట్టీలు రాసేసరికి రాత్రవుతుంది. విజయవాడ వెళ్ళిరావాలంటే 35 కిలోమీటర్లు అటు, 35 ఇటు.

మొదటి రెండేళ్ళు ఈ నాలుగు నెలలు వచ్చాయంటే ఏడుపొచ్చేది. అంతా పోతోంది, నా వెనక వచ్చినవాళ్ళు దాటిపోతున్నారని. ఇప్పుడు దాన్ని పంటలాగే చూస్తున్నాను. జూన్ నుంచి జనవరి దాకా నా బీజేజే పంటకాలం, తర్వాత బీడు. బీడులో కూడా ఇంటి వరండాలో రోజూ 20 నిమిషాలు. మా తాత తాలింఖానాలో (పాతకాలం వ్యాయామశాల) నేర్చుకున్న పద్ధతే, 40 బస్కీలు, 25 దండీలు. ఇంట్లో ఆయన కర్లాకట్టలు ఇంకా ఉన్నాయి, వాటిని భుజాల చుట్టూ తిప్పుతాను. రెండేళ్ళ క్రితం రాత్రిళ్ళు పక్కకి తిరిగి పడుకోనివ్వని భుజం నొప్పి వీటితోనే నెమ్మదించింది. ఆ తర్వాత చాప మీద ష్రింపింగ్ (పడుకుని తుంటి జరపడం), బ్రిడ్జింగ్ (నడుము పైకెత్తడం).

జూన్‌లో మొదటి క్లాసుకి వెళ్ళినప్పుడు రెండో నిమిషానికే ఊపిరి అందదు. నాలుగు నెలల ఘాటు గొంతులో ఉంటుంది కదా. మూడు వారాల్లో సర్దుకుంటుంది. పట్లు మాత్రం చేతులు మర్చిపోవు, అది నాకే ఆశ్చర్యం.

మా యార్డువాళ్ళు ఎవరైనా మొదలుపెడితే వాళ్ళకో జాగ్రత్త. సరుకు ముట్టుకున్న చేతులతో మ్యాట్ ఎక్కకండి. మొదటి ఏడాది కొట్టు నుంచి నేరుగా వెళ్ళి నీళ్ళతో చేతులు కడుక్కుని ఎక్కేశాను. నాతో రోల్ చేసిన కుర్రాడు నా స్లీవ్ పట్టుకుని, మధ్యలో చెమట తుడుచుకుంటూ కళ్ళు నలుపుకున్నాడు. పావుగంట కళ్ళు తెరవలేకపోయాడు. ఆ ఘాటు నీళ్ళకి పోదు. ఇప్పుడు ముందు కొబ్బరినూనె రాసుకుని తుడిచి, సబ్బుతో రెండుసార్లు రుద్ది, గోళ్ళ సందులు కూడా చూసుకుని, గీ (ఈ ఆటకి వేసుకునే మందపాటి బట్టలు) అక్కడికెళ్ళాకే వేసుకుంటున్నాను.

---

భవానీపురం_ఇల్లాలు | జూన్ 7, మధ్యాహ్నం 2:40

నేను ఈ ఆట ఆడను. మావారు ఆరేళ్ళుగా వెళ్తున్నారు. ఆయన ఫోన్‌లో ఈ చర్చ చూసి, నా మాట కూడా ఉంటే మంచిదనిపించి రాస్తున్నాను.

పటమట తమ్ముడూ, మీ ఆవిడ ఏమీ అనకపోవడం గురించి రాశారే, అక్కడే ఆగిపోయాను. ఆ స్థితిలో నేనూ ఉన్నాను. మాకు బాధ కలిగించేది మీరు వెళ్ళే గంటన్నర కాదమ్మా. ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు వస్తారో, వచ్చాక ఏ మూడ్‌లో ఉంటారో తెలియకపోవడం. ఎనిమిదికి వస్తానని తొమ్మిదింబావుకి రావడం, వచ్చి ఇవాళ ఎవరిని ఎలా పట్టారో అరగంట చెప్పడం, పిల్లాడు ఏం తిన్నాడో అడగకపోవడం.

ఇక ఆ గీ. చెమటకి తడిసి ముద్దయిన గీని బ్యాగులోనే ఉంచేసి, పొద్దున ఆఫీసుకెళ్ళే హడావుడిలో బాత్రూంలో బకెట్ పక్కన పడేసి వెళ్ళేవారు. తడిసిన గీ ఎత్తితే ఎంత బరువుంటుందో ఎప్పుడైనా చూశారా? మా దండెం ఒకసారి తెగింది. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు రెండు రోజులైనా ఆరదు, ఇల్లంతా ఒకటే ముక్క వాసన. ఉతికేది నేను, అలసిపోయానని పడుకునేది ఆయన. మూడేళ్ళ క్రితం ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను, మీ ఆట మీది, మీ బట్టలూ మీవే అని. ఆ రాత్రి నుంచి ఆయనే వచ్చీ రాగానే నానబెడతారు, మెషీన్‌లో వేస్తారు, దండెం మీద వేసి చేతులూ కాలర్ లాగి సరిచేసి, ఫ్యాన్ పెట్టి పడుకుంటారు. మందం తక్కువ ఉన్నది రెండోది కొనుక్కున్నారు. నాకు గంట పని తగ్గిందనే సంతోషం కాదు, ఆయన దాన్ని తన పనిగా చూస్తున్నారన్నది నాకు ముఖ్యం.

ఆయన వెళ్ళడం మొదలుపెట్టాక బీపీ అదుపులోకి వచ్చింది, కోపం తగ్గింది. అది నేను కాదనను. అందుకే నేనే రెండు రోజులు పంపిస్తాను. ఆదివారం పొద్దున మాత్రం మాకు. మీ ఆవిడని కూర్చోబెట్టి మీకే రోజులు కావాలని అడగకండి, ఆవిడకి ఏ రోజులు కావాలో ముందు అడగండి.

---

పటమట_వైట్‌బెల్ట్ | జూన్ 7, రాత్రి 11:30

అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చూపించాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రాత్రి ఆస్పత్రిలో రిసెప్షన్ దగ్గర తండ్రి పేరు, ఫోన్ నంబరు అడిగారు. చెప్పాను. ఆ నంబరు మీరు ఎత్తరని తెలిసి చెప్పాను" అంది. ఇద్దరం పన్నెండున్నర దాకా మాట్లాడుకున్నాం. ఇంకేమీ రాయలేకపోతున్నాను. థాంక్స్ అక్కా.

---

బ్రాడీపేట_నోగీ | జూన్ 8, సాయంత్రం 6:25

నాది ఇంకో రకం ఇబ్బంది. వయసు 29, బరువు 52 కిలోలు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. బెంచీ మీద (ప్రాజెక్టు లేకుండా) ఉన్నప్పుడు చేయి ఖాళీ, రిలీజ్ ఉంటే రాత్రి రెండింటిదాకా కాల్స్. మా బ్యాచ్‌లో ఆడవాళ్ళు ఇద్దరమే. రెండో అమ్మాయి రాని రోజు 80 కిలోల మగవాళ్ళతోనే చెయ్యాలి. మొదటి ఏడాది ఎవరు పిలిచినా కాదనేదాన్ని కాదు. మొహమాటం. ఒక కొత్త అబ్బాయి సత్తువంతా వాడి నా మెడ లాగేశాడు, పది రోజులు తల తిప్పలేకపోయాను. ఇప్పుడు "ఇవాళ వద్దండీ" అని నవ్వుతూనే చెప్పేస్తాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకున్నా ఫర్వాలేదు.

అమ్మకి నా చేతుల మీద కమిలిన మచ్చలంటే దిగులు. సంబంధాలు చూస్తున్నారు మరి. గొడవ పడటం మానేసి ఒక శనివారం క్లాసుకి తీసుకెళ్ళాను. గోడకానుకుని కుర్చీలో కూర్చుని మొత్తం చూసింది. నా కన్నా రెట్టింపు మనిషి నన్ను మౌంట్‌లో (పొట్ట మీద ఎక్కి కూర్చుని) పట్టేస్తే నేను మోచేయి దూర్చి, తుంటి జరిపి, బయటపడి లేచాను. ఇంటికొచ్చేటప్పుడు వారధి మీద బండి వెనక కూర్చుని "నువ్వు భయపడలేదేంటే" అంది. ఆ తర్వాత మచ్చల గురించి అడగడం మానలేదు గానీ పసుపు తనే రాస్తోంది.

ఒక ప్రశ్న. రాత్రి తొమ్మిదిన్నరకి అయిపోయి గుంటూరు చేరేసరికి పదిన్నర. తెల్లవారుజామున బ్యాచ్ ఉంటే ఎంతమంది వస్తారు? ఎండాకాలంలో సాయంత్రం ఆ మేడ మీద హాల్లో రేకుల కింద ఉడికిపోతున్నాం కూడా. రోహిణి కార్తెలో అయితే మ్యాట్ కాళ్ళకి కాలుతోంది. 5:45కి మొదలై 7కి అయిపోతే అందరికీ రోజు మొత్తం మిగులుతుంది. కోచ్‌ని ఒక్కదాన్నే అడిగితే అవ్వదు.

---

ఆటోనగర్_అన్న | జూన్ 8, రాత్రి 8:50

నేను వస్తానమ్మా. మంగళవారం, శనివారం అయితే ఇంకా మంచిది. సాయంత్రం షాపు కూడా చూసుకోవచ్చు.

---

గుంటూరు_మిర్చి | జూన్ 8, రాత్రి 9:02

జనవరి దాకా నేనూ రెడీ.

---

సింగ్‌నగర్_గార్డ్ | జూన్ 9, రాత్రి 10:40

గ్యాప్ గురించి భయపడేవాళ్ళ కోసం రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా మీదకి వచ్చింది. మాది గ్రౌండ్ ఫ్లోర్. పొద్దున లేచేసరికి మోకాళ్ళ లోతు, మధ్యాహ్నానికి ఛాతీ దాకా. అమ్మనీ నాన్ననీ పైఫ్లోర్ వాళ్ళింట్లోకి ఎక్కించాను. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, తాగే నీళ్ళు లేవు. మూడో రోజు సాయంత్రం ఎవరో కింద నుంచి నా పేరు పెట్టి పిలుస్తున్నారు. వంగి చూస్తే మా బ్యాచ్‌వాళ్ళు నలుగురు, నీళ్ళల్లో నిలబడి ఉన్నారు. నెత్తి మీద పాల ప్యాకెట్లు, వాటర్ టిన్, నాన్న షుగర్ మాత్రలు. మాత్రల పేరు ఒకప్పుడు మాటల్లో చెప్పాను, వాళ్ళలో ఒకడు గుర్తుపెట్టుకున్నాడు. అందులో ఇద్దరితో నేను మ్యాట్ మీద తప్ప బయట ఎప్పుడూ టీ కూడా తాగలేదు.

నీళ్ళు తీశాక గీ బురదలో దొరికింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు పోలేదు. ఇల్లు కడగడం, ఫ్రిజ్, మంచాలు, నాన్న ఆరోగ్యం, నష్టపరిహారం కోసం క్యూలు. రెండున్నర నెలలు క్లాసుకి వెళ్ళలేదు. వెళ్ళిన రోజు వాళ్ళు కొత్త గీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. మొదటి రౌండ్‌లోనే నన్ను పిండి చేశారు, ఆ రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను.

పటమట గారూ, వారానికి రెండు రోజులా మూడు రోజులా అన్నది మీరు చూసుకోండి. ఏ నెలయినా అసలు కుదరకపోతే శనివారం వచ్చి గోడకానుకుని కూర్చోండి. మనుషులతో తెగిపోకండి.

---

బీటెక్_ఫైనల్ | జూన్ 11, సాయంత్రం 4:15

సింగ్‌నగర్ అన్నా, చదివాక ఏం రాయాలో తెలియలేదు.

ఫిజియో మేడమ్‌కి ఒక ప్రశ్న. ఎడమ మోకాలి బయటివైపు రెండు నెలలుగా మెట్లు దిగుతుంటే టక్కుమంటోంది. ఒక్కోసారి పట్టేసి సాగదు. గార్డ్ వేసినప్పుడు మొదలైంది. నీ-క్యాప్ వేసుకుని చేస్తున్నాను. దేని వల్ల అయ్యుంటుంది?

---

అరండల్‌పేట_ఫిజియో | జూన్ 11, రాత్రి 8:30

మోకాలు పట్టేసి సాగకపోవడం అశ్రద్ధ చేసే లక్షణం కాదు నాన్నా. మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి, అంటే మెనిస్కస్, చిరిగినప్పుడు అలా అవుతుంది. వేరే కారణాలూ ఉండొచ్చు, చూడకుండా చెప్పకూడదు. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించు. చూపించేదాకా రోలింగ్, స్క్వాట్ రెండూ ఆపు. నీ-క్యాప్ నొప్పిని కప్పిపెడుతుందే గాని మాన్పదు. వారానికి తొమ్మిది సెషన్లు చేసే ఒంటికి నిద్ర ఎన్ని గంటలు ఇస్తున్నావో కూడా డాక్టరుకి చెప్పు.

పనిలో పనిగా అందరికీ ఇంకొకటి. వానలు మొదలయ్యాయి, తామర కేసులు వస్తున్నాయి. గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా మచ్చ కనిపిస్తే మ్యాట్ ఎక్కకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ పాకుతూ ఉంటుంది, తర్వాత మామూలు మందుకి లొంగదు. చర్మవ్యాధుల డాక్టరు రాసిన మందు, మచ్చ మాయమయ్యాక కూడా ఆయన చెప్పినన్ని రోజులు వాడాలి. క్లాసు అయిన వెంటనే సబ్బుతో స్నానం. ఆరని గీ వేసుకోవద్దు, ఎంత ఇష్టమైనదైనా సరే.

---

బీటెక్_ఫైనల్ | జూన్ 19, రాత్రి 9:45

స్కాన్ తీశారు. మెనిస్కస్‌లో చిన్న చిరుగు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, మూడు నెలలు ఫిజియో. క్లాసుకి వెళ్ళి టైమర్ పెడుతున్నాను, కొత్తవాళ్ళకి గీ బెల్ట్ కట్టడం చూపిస్తున్నాను. అడిగి మంచి పని చేశాను మేడమ్.

---

పటమట_వైట్‌బెల్ట్ | ఆగస్టు 18, రాత్రి 10:20

రెండున్నర నెలలు అయ్యింది, ఏమైందో చెప్పాలి కదా.

ఐదుగురం కలిసి కోచ్ దగ్గరికి వెళ్ళాం. జూలై మొదటి వారం నుంచి మంగళ, శనివారాలు 5:45 బ్యాచ్ మొదలైంది. ఇప్పుడు తొమ్మిది మందిమి. నేను 4:50కి లేస్తాను, రాత్రి పదిన్నరకల్లా పడుకుంటాను. ఫోన్ చూస్తూ గడిపే గంట అక్కడ పోయింది. 7:20కి ఇంట్లో ఉంటాను, పాపకి జడ వేయడం నా పని. ఈ మధ్యే పాయలు తిన్నగా తీయడం వచ్చింది. గురువారం, ఆదివారం సాయంత్రం ఇంటి పక్క జిమ్‌లో 40 నిమిషాలు. ఆదివారం పొద్దున మా ఆవిడది. ఆవిడ సంగీతం క్లాసుకి వెళ్తోంది, పెళ్ళికి ముందు మానేసిందట. తొమ్మిదేళ్ళుగా నాకు తెలియదు.

ఫోన్ మోగేలా పెట్టి మ్యాట్ అంచున ఉంచుతున్నాను. కోచే ఒక చిన్న స్టూల్ వేయించారు, పిల్లలున్నవాళ్ళం అందరం అక్కడే పెడతాం. ఎవరిది మోగినా రౌండ్ ఆగుతుంది.

రోజుకి మూడు రౌండ్లు, ఐదేసి నిమిషాలు. నాలుగోది చెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఆపేస్తాను. నెలాఖరులో రెండుసార్లు క్లాసు పోయింది, వదిలేశాను. బరువు 79 దగ్గర నిలిచింది. పక్కటెముక బాగుంది. పోయిన శనివారం ఆటోనగర్ అన్న సైడ్ కంట్రోల్ నుంచి మొదటిసారి బయటపడ్డాను. అన్న లేచి కూర్చుని "ఇది వచ్చింది నీకు" అన్నాడు. రోజంతా ఆ మాటే చెవిలో ఉంది.

---

ఆటోనగర్_అన్న | ఆగస్టు 18, రాత్రి 10:45

నేను వదల్లేదు తమ్ముడూ, నువ్వే తీసుకున్నావు. మోకాలు లోపలికి దూర్చే ముందు నా తుంటిని చేత్తో ఆపావు చూడు, పోయిన నెల అది లేదు.

---

భవానీపురం_ఇల్లాలు | ఆగస్టు 19, ఉదయం 11:15

మీ ఆవిడ ఏ కీర్తన నేర్చుకుంటోందో అడిగి తెలుసుకోండి తమ్ముడూ. నేనూ చిన్నప్పుడు నేర్చుకున్నాను. ఆవిడకి ఇష్టమైతే నా నంబరు మావారి దగ్గర తీసుకోమనండి.

---

బ్రాడీపేట_నోగీ | ఆగస్టు 22, రాత్రి 8:10

రేపు ఆడవాళ్ళు ముగ్గురం అవుతున్నాం. మా పక్కింటి ఆవిడ, 41 ఏళ్ళు, మొదటిసారి వస్తున్నారు. ఎవరూ గట్టిగా రోల్ చేయొద్దు ప్లీజ్, బ్రేక్‌ఫాల్ (దెబ్బ తగలకుండా పడటం), ష్రింపింగ్‌తో మొదలుపెడదాం. వాన ఉంటే ఎలా వెళ్ళాలా అని చూస్తున్నాను.

---

గుంటూరు_మిర్చి | ఆగస్టు 22, రాత్రి 8:25

నేను రేపు కారు తీస్తున్నానమ్మా. 4:50కి లాడ్జి సెంటర్ దగ్గర ఉంటాను. ముగ్గురికి చోటుంది.